పైడి నాటిన అబద్ధపు రెమ్మ

బారెడు పొద్దెక్కింది. శంఖవతీ నది రత్నకంబళి పరిచినట్టు మెరుస్తోంది. దూరాన హేమకూట పర్వతం మీద రాజుగారి కోట బురుజులు బంగారు రేకులతో తళతళలాడుతున్నాయి. ఆ బురుజుల మీద పట్టు పతాకాలు, ఆ పతాకాల చుట్టూ తెల్ల పావురాలు, వాటి కింద లోపలి నుంచి గట్టిగా గడియ వేసుకున్న ఏడు మహాద్వారాలు. చూడముచ్చటైన దృశ్యమే. కాకపోతే నదిలో అప్పుడప్పుడు ఒక శవం తేలుతూ వస్తోంది.

తొమ్మిది రోజుల క్రితం మాంత్రికుడు కాలకంటకుడు తన పెంపుడు మకరాన్ని ఆ నదిలోకి వదిలాడు. మూడు తాటిచెట్ల పొడవున్న ఆ జంతువు కరకట్టను అడుగు నుంచి కొరికేసింది. ఆ వేళ ఏడూళ్ళ పెద్దలంతా, ఆడామగా అందరూ, కట్ట మీదే ఉన్నారు. వరదను ఆపాలని మట్టి పోస్తున్నారు. పసివాళ్ళనూ ముసలివాళ్ళనూ గొడ్లనూ దిబ్బ మీదకు చేర్చమని పదిహేనుకూ ఇరవైకీ మధ్య వయసు వాళ్ళను పంపించారు. అంతలో కట్ట తెగింది. పెద్దలు పోయారు. దిబ్బ మీద ఈ మూడొందల మంది పడుచువాళ్ళు మిగిలారు, నెత్తిన పసివాళ్ళ భారం, పండుముసలివాళ్ళ భారం.

"ఇరవై ఒక్క రోజులు నీరు నిలిచిన నేలంతా నాది" అని కాలకంటకుడు కోటకు కబురు పెట్టాడు. మహారాజు కీర్తిసింహుడు అలాగేనని తల ఊపి తలుపులు వేయించుకున్నాడు. తల ఊపడానికి ఆయనకేం పోయింది, మునిగింది ఆయన మంచం కాదుగా.

ఏం చెయ్యాలో పడుచువాళ్ళకు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళు మిగల్లేదు. కొందరు శవాలను బయటికి లాగి మన్ను చేశారు. కొందరు నీళ్ళు కాచి ముసలివాళ్ళ గొంతులో పోశారు, గంజి వండి పిల్లల ఆకలి తీర్చారు. మిగిలినవాళ్ళు కూలిన ఇళ్ళ తలుపులు ఊడబెరికి, వెదురు నరికి, తట్టలు అల్లి గండి దగ్గరకు నడిచారు. వాళ్ళు కట్టినదాన్ని కాలకంటకుడి కిరాయి మూక మూడుసార్లు తెగ్గొట్టింది. మూడుసార్లూ మళ్ళీ కట్టారు. ఎనభై మూరల గండి ఇప్పుడు పన్నెండు మూరలకు వచ్చింది.

కట్ట కొసన పైడి నిలబడి ఉంది. ఆమెకు పద్దెనిమిదేళ్ళు. కట్టకాపు సూరయ్యకు ఒక్కతే కూతురు. తండ్రి పోయాక ఆయన కొలకర్ర ఆమె చేతికి వచ్చింది, దానితోపాటు రెమ్మ నాటే పనీ వచ్చింది.

ఆ ఏడూళ్ళలో కట్ట గట్టిపడిన చోటల్లా కట్టకాపు ఒక వేపరెమ్మ నాటాలి. నాటి ఊరుకుంటే చాలదు, ఆ రెమ్మ పక్కనే నిలబడి మూడుసార్లు ఎగిరి దూకాలి. అది చూశాకే మిగతావాళ్ళు అక్కడ కాలు పెడతారు. రెమ్మ లేని చోటు పచ్చి మట్టి. రెమ్మ అబద్ధమాడితే ప్రాణాలు పోతాయి కాబట్టి, అబద్ధపు రెమ్మ నాటినవాళ్ళ మాట ఆ తర్వాత నది ఒడ్డున ఎవరూ వినరు.

పైడి ఆ ఉదయం ఒక రెమ్మ గుచ్చి, మూడుసార్లు దూకి, వెనక్కి చూసింది. వందల జతల పాదాలు డప్పు దెబ్బకు తొక్కుతూ ముందుకొచ్చాయి. కట్ట తొక్కడం అంటే అదే, చేతులు పట్టుకుని వరసగా నిలబడి మట్టిని అరికాళ్ళతో దిమ్మిస చెయ్యడం. డప్పు కొట్టే ఓబులు మాత్రం రెమ్మకు రెండడుగుల ఇవతలే ఆగిపోయాడు.

"నువ్వు రావా?" అంది పైడి.

"మా అమ్మ మీ నాన్న నాటిన రెమ్మ పక్కనే నిలబడిందే" అన్నాడు ఓబులు. "నమ్మకంగా నిలబడింది. కట్టతోపాటే పోయింది. డప్పు కొట్టమంటే కొడతా, నీ రెమ్మ కాడికి రమ్మనబాక."

సూరయ్య నాటింది నిజం రెమ్మే. కింద మకరం కొరుకుతున్న సంగతి ఆయనకు తెలియదు, ఆయన కూడా అక్కడే పోయాడు. ఆ మాట చెప్పకుండానే పైడి కొలకర్ర అందుకుని కొలతలోకి తిరిగింది. తల్లిని పోగొట్టుకున్నవాడికి ఏ సమాధానం సరిపోతుంది?

ఆమె వెనక తట్ట మోస్తున్న పొడుగాటి యువకుడు బురదలో జారి చతికిలబడ్డాడు. పేరు ఎర్రన్న అని చెప్పుకున్నాడు. పొరుగూరి నుంచి వచ్చానన్నాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి పుళ్ళయినా ఎనిమిది రోజుల్లో ఒక్క తట్ట కింద పెట్టలేదు. పాఠకులకు దాచడమెందుకు, అతడు సాక్షాత్తూ కీర్తిసింహ మహారాజు రెండో కొడుకు జయంధరుడు. తండ్రి తల ఊపిన రాత్రే కోట గోడకు తాడు కట్టి దిగి వచ్చేశాడు. నుదుటి మీది రాజవంశపు శంఖు పచ్చబొట్టు కనబడకుండా తలపాగా కిందికి లాగి కట్టుకుంటాడు, అది గంటకోసారి ఊడబోతుంటుంది.

అతడు లేచి నిలబడేలోగా మొదటి బాణం వచ్చి ఒక పిల్లవాడి గొంతులో దిగింది.

"తలుపులు" అని అరిచింది పైడి.

నూరు తలుపులు ఒక్కసారిగా లేచాయి. ఏ ఇంటివో గడపలు పోయిన తలుపులు, పసుపు బొట్లు ఇంకా చెరగనివి. వాటి మీద బాణాలు వడగళ్ళలా పడ్డాయి. గండికి అవతలి కట్ట మీద కాలకంటకుడి దళపతి ఖడ్గరోముడు నిలబడి విలుకాండ్రను ఉసిగొల్పుతున్నాడు. మనిషి ఆరడుగుల పైన ఒక జానెడు ఉంటాడు. గడ్డం నిండా ఇనుప ముళ్ళు అల్లుకున్నాడు, ముద్దు పెట్టుకునేవాళ్ళెవరూ లేరన్న ధైర్యం కాబోలు.

బాణాల చాటున ముప్పై మంది ఖడ్గధారులు తెప్పల మీద ఇవతలి ఒడ్డుకు వచ్చేశారు. వచ్చీ రాగానే వెదురు నరికే ఇద్దరు అక్కచెల్లెళ్ళను నిలువునా నరికారు. ఆ పిల్లల కేక వినగానే పడుచువాళ్ళకు భయం పోయింది, ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. పారలు, గునపాలు, కొడవళ్ళు, ఏది దొరికితే అది పట్టుకుని మీద పడ్డారు. ఎర్రన్న చేతిలో ఉన్నది పార. పార ఖడ్గం కాదు గానీ మెడకు ఆ తేడా తెలియదు. మొదటివాడి తల భుజం మీదికి వాలింది. రెండోవాడి కత్తిని పార కామతో అడ్డుకుని, మోకాలితో పొత్తికడుపులో పొడిచి, వాడు వంగగానే వెన్నులో దించాడు. మూడోవాణ్ణి జుట్టు పట్టి బురదలోకి తొక్కిపట్టి ఊపిరి ఆగేదాకా వదల్లేదు. ఓబులు డప్పు పక్కన పడేసి గునపంతో ఒకణ్ణి తెప్పకు గుచ్చేశాడు. కట్ట పక్క నీళ్ళు ఎర్రబడ్డాయి.

ముప్పై మందిలో ఒక్కడూ తిరిగి వెళ్ళలేదు. ఇటువైపు పంతొమ్మిది మంది పడుచువాళ్ళు చనిపోయారు. పైడి ఒక్కొక్కరి మొహం తుడిచింది, ఒక్కొక్కరి పేరూ పైకే చెప్పింది. ఏడవడానికి టైము లేదని ఎవరూ అనలేదు, అందరూ ఏడుస్తూనే తట్టలెత్తారు.

కానీ తట్టలతో లాభం లేకపోతోంది. గండి సన్నబడేకొద్దీ నీటి వడి పెరిగింది. మట్టి పోసింది పోసినట్టే కొట్టుకుపోతోంది. రెండు వరసల గుంజలు పాతి, వాటి మీద నడవడానికి వెదురు తడికలు పరిచారు గానీ, గుంజల నడుమ నిలిచే బరువు కావాలి. పెద్ద బండరాయి కావాలంటే మూడు ఆమడల దూరం పోవాలి.

అంతలో ఖడ్గరోముడి గొంతు అవతలి నుంచి వినబడింది.

"కట్ట తెగ్గొడితే మళ్ళీ కడుతున్నారు. అందుకని ఈసారి కట్టేవాళ్ళనే తెగ్గొడతాం. ఏనుగులు వస్తున్నాయి. మా అయ్యవారు కొండ మీది మహాసరస్సు గట్టు పగలగొట్టడానికి పొద్దున్నే బయలుదేరారు. మధ్యాహ్నానికి రెండో వరద వస్తుంది. ఈలోగా పారిపోండి, లేదా చావండి."

దక్షిణం వైపు నుంచి, అవతలి కట్ట మీదుగా రెండు ఏనుగులు వస్తున్నాయి. తొండం కొస నుంచి తోక దాకా ఇనుప పలకలు తొడిగారు. దంతాలకు కత్తులు బిగించారు. వాటి అడుగులకు పాత కట్ట అదురుతోంది. వాటి వెనక ఎనభై మంది కత్తులవాళ్ళు.

పైడి ఏనుగుల వైపు చూసింది, గండి వైపు చూసింది. మళ్ళీ ఏనుగుల వైపు చూసింది.

"ఎర్రన్నా, ఒక్కో ఏనుగు ఎంత బరువుంటుంది?"

"ఇనుముతో కలిపితే నూరు బస్తాల పైమాటే. ఎందుకు?"

"మనకు బండరాళ్ళు కావాలి గదా" అంది పైడి. "వాటంతట అవే నడిచొస్తున్నాయి."

ఏనుగులకు ఎదురెళ్ళిన ఖడ్గరోముడి మూకకు కనబడకుండా, తలుపుల చాటున పని మొదలైంది. వెదురు తడికల మీద బురద మెత్తారు, గడ్డి చెక్కలు పరిచారు, పన్నెండు మూరల గండిని అచ్చంగా పూర్తయిన కట్టలా తయారుచేశారు. నదిలోనూ నీళ్ళే, పల్లంలోనూ నీళ్ళే కాబట్టి కింద పారే వడి దూరం నుంచి కంటికి ఆనదు. అంతా అయ్యాక పైడి నాలుగు వేపరెమ్మలు చేతిలోకి తీసుకుంది.

ఓబులు దారికి అడ్డంగా నిలబడ్డాడు. "అబద్ధపు రెమ్మ నాటతావా?"

"నాటతా."

"ఇంక జన్మలో నీ మాట ఎవరూ వినరు. తెలుసా?"

"తెలుసు" అంది పైడి. నాన్న నుంచి ఆమెకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే మరి. "అదీ గాక రెమ్మ ఉంటే చాలదు ఓబులూ. నిన్న ఆ మూకలో పదకొండు మంది పచ్చిమట్టిలో దిగబడి చచ్చారు. ఆ తర్వాత మన జాలరి తాతొకణ్ణి పట్టుకుని వేళ్ళు కోసి రెమ్మ సంగతంతా చెప్పించుకున్నారు. నేను నిలబడి దూకితేనే వాళ్ళు నమ్ముతారు."

ఎర్రన్న ఒక తాడు తెచ్చి ఆమె నడుముకు కట్టాడు. దాన్ని బురద కింద కప్పేసి రెండో కొసను తన చేతికి చుట్టుకున్నాడు.

"గట్టిగా లాగు" అంది పైడి.

"ప్రాణం పోయినా వదలను" అన్నాడు అతడు. రాకుమారులకు ఇలాంటి మాటలు చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ, ఈసారి అతడి కళ్ళలో నీళ్ళున్నాయి.

పైడి తడికల మీద నడిచింది. ఒక్కో మూరకు కాలి కింద వెదురు కిర్రుమంటోంది. నడిమధ్యన ఆగి నాలుగు రెమ్మలూ వరసగా గుచ్చింది. ఖడ్గరోముడు మావటివాళ్ళను ఆపాడు.

"ఆగండి. ఏయ్ పిల్లా, నాటగానే సరా? దూకు. మూడుసార్లు."

మొదటిసారి దూకింది. తడిక ఊగింది. రెండోసారి దూకింది. ఒక గుంజ పక్కకు ఒరిగిన చప్పుడు ఆమె పాదాలకు తెలిసింది. నాన్నను తలుచుకుని మూడోసారి, మిగతా రెండింటికన్నా ఎత్తుగా దూకింది. తడిక నిలిచింది.

"గట్టిగా ఉంది" అంది పైడి, అందరికీ వినబడేలా.

ఖడ్గరోముడు పళ్ళు ఇకిలించాడు. "మాకు తోవ చూపెట్టడానికి ఎందుకొచ్చావు మరి?"

"చిన్నపిల్లలున్నారు మా దిబ్బ మీద. వాళ్ళను వదిలేస్తే కట్ట అప్పగిస్తాం."

"వదిలేస్తాంలే" అన్నాడు వాడు. వదిలే రకం కాదని వాడి మొహం చూస్తేనే తెలుస్తుంది. కత్తి ఎత్తి ఊపాడు.

ఏనుగులు రెండూ పక్కపక్కనే పరుగెత్తాయి. వాటి వెనక కత్తులవాళ్ళు, వాళ్ళకు ముందు ఖడ్గరోముడు. పైడి కదల్లేదు. కదిలితే అనుమానం వస్తుంది. మొదటి ఏనుగు ముందుకాలు మొదటి రెమ్మను తొక్కింది, ఫెళఫెళమని వెదురంతా ఒక్కసారి విరిగింది.

కట్టలా కనిపించినదంతా పైడితో సహా మాయమైంది. ఏనుగుల ఘీంకారం ఆకాశానికంటింది. పాపం, ఆ మూగజీవాలు ఏం చేశాయి? ఇనుము తొడిగి తోలినవాడిది పాపం. అవి ఒకదాని మీద ఒకటి గండిలో కూలబడ్డాయి, దంతాల కత్తులు సొంత మూకనే చీల్చేశాయి. వెనకవాళ్ళు ఆగలేక ముందువాళ్ళ మీద పడ్డారు. నీటి వడి అందరినీ లాక్కెళ్ళి గుంజల వరసకు కొట్టింది. తలలు పగిలాయి, పక్కటెముకలు విరిగాయి, ఎనభై మంది కేకలు ఒక్క నిమిషంలో పది కేకలయ్యాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. అది చూసి అవతలి విలుకాండ్రు విళ్ళు పారేసి పరుగెత్తారు.

ఎర్రన్న తాడు లాగుతున్నాడు. బొబ్బలు చితికి అరచేతుల నుంచి నెత్తురు కారుతోంది. తాడు బరువుగా వస్తోంది. నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచి గట్టు పట్టుకుంది. చెయ్యి వెనక ముళ్ళ గడ్డం లేచింది.

వచ్చింది ఖడ్గరోముడు. తాడును మధ్యలో పట్టుకుని, అవతలి కొస తెగనరికి, కత్తి పళ్ళతో కరిచి పైకి పాకి వచ్చాడు.

"పైడి ఎక్కడ?" అని అరిచాడు ఎర్రన్న.

సమాధానంగా వాడు కత్తి విసిరాడు. అది ఎర్రన్న తలపాగాను చీల్చుకుపోయింది. నుదుటి మీది శంఖు పచ్చబొట్టు ఎండలో బయటపడింది. వాడు నివ్వెరపోయాడు.

"రాకుమారుడివి నువ్విక్కడ..."

ఆ మాట పూర్తి చేసే అదృష్టం వాడికి లేదు. జయంధరుడు తాడును వాడి మెడకు మూడు చుట్లు చుట్టి, వీపు మీద మోకాలు పెట్టి బిగించాడు. ఇనుప ముళ్ళు వాడి గొంతులోకే దిగాయి. కాళ్ళు కొట్టుకోవడం ఆగాక వాణ్ణి గండిలోకి దొర్లించాడు, తనూ దూకబోయాడు.

"ఆగు" అని అరిచాడు ఓబులు. "అదుగో."

చచ్చిన ఏనుగు చెవి పట్టుకుని పైడి వేలాడుతోంది. ఎడమ చెయ్యి విరిగి వెనక్కి తిరిగిపోయింది. ఓబులే దిగి ఆమెను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు.

అందరి చూపూ జయంధరుడి నుదుటి మీదే ఉంది. కొందరి చేతుల్లో గునపాలు బిగుసుకున్నాయి. నేలను అప్పగిస్తూ తల ఊపిన రాజు కొడుకు మరి.

"మా నాన్న తల ఊపాడు" అన్నాడు జయంధరుడు. "నేను తట్ట మోస్తున్నాను. చంపాలనుకుంటే గండి పూడ్చాక చంపండి."

"నాకు మొదట్నించీ అనుమానమే" అంది పైడి, నొప్పికి పళ్ళు బిగించి. "ఎనిమిది రోజులైనా తలపాగా కట్టడం రానోడు ఏ ఊరోడై ఉంటాడు? తట్టెత్తు ఎర్రన్నా."

రెండు ఏనుగులూ గుంజల నడుమ కోటగోడలా బిగుసుకుపోయాయి. ఇప్పుడు పోసిన మట్టి నిలుస్తోంది. తట్టలు, తలుపులు, విరిగిన వెదురు, చేతికందిందల్లా గండిలోకి వెళ్ళింది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి శంఖవతికి పల్లంలోకి దారి మూసుకుపోయింది. కానీ అది ఇంకా పచ్చి మట్టి. తొక్కకపోతే ఒక్క అలకే కరిగిపోతుంది.

ఎగువన కొమ్ము మోగింది. కాపలా పెట్టిన గొల్ల పడుచువాళ్ళు ఊదే కొమ్ము అది. రెండో వరద వస్తోంది.

పైడి ఒంటిచేత్తో చివరి వేపరెమ్మను పూడిన గండి నడుమ నాటింది. విరిగిన చెయ్యి పట్టుకుని మూడుసార్లు దూకింది. దూకిన ప్రతిసారీ ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. వెనక్కి చూసింది.

ఎవరూ కదల్లేదు.

ఏం కదులుతారు? ఇందాకే ఆమె ఇలాగే రెమ్మ నాటి, ఇలాగే దూకి, గట్టిగా ఉందని చెప్పి, ఎనభై మందిని నీళ్ళపాలు చేసింది. వాళ్ళు శత్రువులే, కాదనడం లేదు. కానీ కళ్ళు చూసింది చూసిందే. జయంధరుడు ముందుకు అడుగు వెయ్యబోతే పైడి చేత్తో వారించింది.

"నువ్వు వస్తే చాలదు. ఈ కట్ట మీద అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాళ్ళు రావాలి."

అడుగు, బతిమాలు అని ఆమె మనసు చెబుతోంది. ఆమె బతిమాలలేదు. కట్టకాపు బతిమాలకూడదు, నిలబడాలి. రెమ్మ పక్కన ఒంటరిగా నిలబడి ఏడ్చింది.

ఎగువన నది వంపులో తెల్లటి గోడ కనబడింది. తాటిచెట్టంత ఎత్తున నురగ. దాని శిఖరాన మకరం ఈదుతోంది, మకరం వీపు మీద నల్లటి జడలతో కాలకంటకుడు కూర్చుని ఉన్నాడు.

ఓబులు డప్పు భుజానికి తగిలించుకున్నాడు. నడిచొచ్చి రెమ్మ ముందు ఆగాడు.

"మా అమ్మ ఇక్కడే గదా నిలబడింది?" అన్నాడు.

"ఇక్కడే. మా నాన్న పక్కన."

ఓబులు ఆ రెండడుగులూ వేశాడు. రెమ్మ పక్కన నిలబడి, ఉన్న బలమంతా పెట్టి ఒకసారి దూకాడు. కట్ట కదల్లేదు. డప్పు మీద దెబ్బ వేశాడు. ఆ దెబ్బకు మొదట ఇద్దరు వచ్చారు, తర్వాత పదిమంది, తర్వాత లెక్కలేదు. బతికున్న పడుచువాళ్ళంతా చేతులు పట్టుకుని తొక్కడం మొదలుపెట్టారు. పైడి విరిగిన చేతి వైపు నడుం పట్టుకుని జయంధరుడు నిలబడ్డాడు. అరికాళ్ళ కింద మట్టి బిగుస్తోంది, ఇంకా బిగుస్తోంది, నీటిగోడ దగ్గరకొస్తోంది.

మొదటి అల కట్టను ఢీకొంది. నీళ్ళు వాళ్ళ తలల మీదుగా ఎగిసిపడ్డాయి. ఎవరి చెయ్యీ ఎవరి చేతినీ వదల్లేదు. నీరు వెనక్కి తగ్గేసరికి వేపరెమ్మ నిటారుగానే ఉంది.

దాని ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మకరం నీళ్ళలోంచి తల ఎత్తి నోరు తెరిచింది. జయంధరుడు గునపం అందుకున్నాడు.

"ఉండమంటావా, కట్ట దిగమంటావా?" అని అడిగాడు ఓబులు, డప్పు ఆపకుండానే.

"ఉండు" అంది పైడి.

ఓబులు ఉన్నాడు.